కుర్చీలో కూర్చున్నవారు, వెనుక నిలబడినవారు

గత మాసములో కొల్లేటి ఒడ్డు గ్రామములలో కుటుంబ కూడికలకు వెళ్ళినప్పుడు ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచి అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణము. ఆమె కుమారుడు చేపల మేత అమ్మే కంపెనీలో పని చేస్తున్నాడు. జీతము చేతికి అందిన శనివారము సాయంత్రము బస్సెక్కి ఏలూరు వెళ్తాడు. అక్కడ మగవారి కోసమే పెట్టిన పెద్ద సెలూనులో రెండు గంటలు కూర్చుని, క్రాపు చేయించుకొని, ముఖానికి ఏవేవో పూయించుకొని, తల మర్దన చేయించుకొని, ఎనిమిది వందల రూపాయలు ఇచ్చి వస్తున్నాడట.

"అయ్యగారండీ, మా ఊళ్ళో అయితే వంద రూపాయల్లో అయిపోద్దండి. దాన్ని స్పా అంటారంట. ఆ పేరు వింటేనే నాకు భయమేస్తుంది. వాడు చెడిపోతున్నాడా, లేకపోతే నేనే పాతకాలపు దాన్నా? మీరే చెప్పండి" అన్నారామె.

చూడని సంగతి మీద తీర్పు చెప్పడము మాకు ఇష్టము లేకపోయింది. "వెళ్ళి చూసి వచ్చి చెబుతామమ్మా" అన్నాము. వెళ్ళాము, చూశాము. అయితే మేము వెదకబోయినది ఒకటి, మాకు దొరికినది మరొకటి.

ఏలూరులో ఒక శనివారము

ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటరుకు కొద్ది దూరములో గాజు తలుపు తోసుకొని లోపలికి వెళ్ళగానే చల్లని గాలి ముఖానికి తగిలింది. గోడ పొడవునా అద్దాలు, వాటి ముందు వెనక్కు వాలే నల్లని కుర్చీలు, ఒక పక్క ధరల పట్టిక. కూర్చున్నవారిలో పెండ్లి కుదిరిన యువకుడు ఉన్నాడు, చేపల చెరువుల రైతు ఉన్నారు, పింఛను తీసుకుంటున్న ఒక మాష్టారు కూడ ఉన్నారు. అందరూ ఒకే గదిలో, అందరికీ కనబడేలా కూర్చున్నారు. ఆ తల్లి భయపడినట్టు మూసిన తలుపులేమీ మాకు కనబడలేదు. ఆ పేరు పెట్టుకొని చాటున చెడ్డ పనులు జరిగే చోట్లు నగరాలలో లేకపోలేదు. పోలీసులు పట్టుకున్న వార్తలు పత్రికలలో చదువుతూనే ఉన్నాము. కాబట్టి తల్లిదండ్రుల భయము వట్టిది కాదు. కాని పేరు ఒకటైనంత మాత్రాన అన్ని చోట్లూ ఒకటి కావు. అసలు స్పా అనేది బెల్జియం దేశములో ఒక చిన్న ఊరి పేరు. అక్కడి ఊటనీళ్ళలో స్నానము చేస్తే ఒంటికి మంచిదని యూరప్ జనులు ఎన్నో ఏండ్లుగా వెళ్ళేవారు. ఆ ఊరి పేరే ఇప్పుడు దేశదేశాల సెలూను బోర్డుల మీదికి ఎక్కింది.

మేము క్రాపు, గెడ్డము, తల మర్దన చెప్పాము. పాతికేళ్ళ యువకుడొకడు మా తలను వెనక్కు వాల్చి తొట్టిలో గోరువెచ్చని నీళ్ళతో కడిగాడు. క్రాపు అయ్యాక ఆవిరి పట్టిన తువ్వాలు ముఖము మీద కప్పాడు. అది కేవలము సుఖము కోసము కాదట. ఎండిన వెంట్రుక గట్టిగా ఉండి బ్లేడుకు ఎదురు తిరుగుతుంది. వెచ్చని తడి రెండు మూడు నిమిషాలు తగిలితే అది నీటిని పీల్చుకొని మెత్తబడుతుంది. అప్పుడు చర్మము తెగకుండ, మంట లేకుండ గెడ్డము దిగుతుంది. తరువాత నూనె చేతిలో పోసుకొని కణతల దగ్గర, నడినెత్తిన, మెడ వెనుక నెమ్మదిగా వ్రేళ్ళతో నొక్కసాగాడు. మాకు తెలియకుండానే కళ్ళు మూతబడ్డాయి. దాచుకోవడమెందుకు? చివరిసారి మా తలకు ఇంత ఓపికగా నూనె పెట్టినది మా అమ్మగారే. ఆమె ప్రభువునందు నిద్రించి చాలా ఏండ్లయింది.

"ఎక్కడ బాబూ మీది?" అని అడిగాము.

"కైకలూరు దగ్గరండి. మా తాతగారు పొది పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారండి. మా నాన్నగారు రోడ్డు పక్కన కొట్టు పెట్టారు. నేను ఇక్కడికి వచ్చాను" అన్నాడు.

పొది పట్టుకొని వచ్చిన రోజులు

పొది అనే మాట వినగానే మన పాఠకులలో పెద్దవారికి చిన్ననాటి రోజులు గుర్తుకు రాక మానవు. కత్తి, కత్తెర, దువ్వెన, చిన్న అద్దము, గిన్నె, పటిక ముక్క, అన్నీ ఆ పొదిలోనే. ఇంటి అరుగు మీదనో చెట్టు క్రిందనో ఎదురెదురుగా గొంతుకూర్చుని పని జరిగేది. డబ్బు ఇచ్చే అలవాటు తక్కువ. పంట నూర్చిన రోజున కళ్ళము దగ్గర మేర అని కొంత ధాన్యము కొలిచేవారు. సంవత్సరమంతా చేసిన పనికి అదే జీతము. కొలిచేవాని మనసు మంచిదైతే కుంచము నిండేది, కాకపోతే లేదు.

మంగలి పాత, చాకలి కొత్త అని మన పెద్దలు సామెత చెప్పారు. చేయి తిరిగినవాడే గొంతు మీద కత్తి పెట్టాలని దాని భావము. ఆ చేతులు చేసిన పని క్షవరము ఒక్కటే కాదు. కురుపు కోసి కట్టు కట్టినదీ వారే. ఆ ఇంటి స్త్రీలు అనేక గ్రామములలో మంత్రసానులు. పెండ్లిలో సన్నాయి, డోలు వాయించినదీ వారే. ఇది మన దేశములోనే కాదు. ఇంగ్లండులో క్షురకులను, శస్త్రవైద్యులను 1540లో రాజు ఒకే సంఘముగా కలిపాడు. 1745లో గాని వారు విడిపోలేదు. ఫ్రాన్సులో తుపాకి గాయాలకు మరిగే నూనె పోయడము మాన్పించి మందు పూసి కట్టు కట్టడము నేర్పిన ఆంబ్రోయిజ్ పారే మొదట క్షురకుడే. ఇంత మేలు చేసిన వృత్తిని మన వీధులలో తిట్టుగా వాడుకున్నాము. చివరకు 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, నాయీ బ్రాహ్మణులను కించపరిచే పేర్లతో పిలవరాదని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది.

తాడేపల్లిగూడెములో ఒక కుర్చీ

మరునాడు ఆదివారము ఆరాధన ముగిశాక మేము ఆ తల్లి ఇంటికి వెళ్ళి చూసినదంతా చెప్పాము. కుమారుడు గుమ్మము దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. నులక మంచము మీద ఆమె మామగారు కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన పెద్దాయన, సంఘములో అందరికీ తాతయ్య. మేము వెనక్కు వాలే కుర్చీ సంగతి చెప్పేసరికి ఆయన చేయెత్తి మమ్మల్ని ఆపారు.

"మా చిన్నప్పుడు మంగలి మా పేటలోకి వచ్చేవాడు కాదండి" అన్నారు.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. ఊరిలో క్షవరము చేసేవాడు చెరువుగట్టు దాకా వచ్చి ఆగిపోయేవాడట. అతనికి వీరి మీద పగ ఏమీ లేదు. వీరి తల ముట్టుకున్నాడని తెలిస్తే పెద్ద ఇళ్ళవారు అతనిని గడప ఎక్కనివ్వరు, కళ్ళము దగ్గర మేర కొలవరు. కాబట్టి పేటలో ఒకాయన కత్తెర సంపాదించి శనివారము ప్రొద్దుగూకేవేళ గుడి పక్కన చింతచెట్టు క్రింద అందరికీ జుత్తు కత్తిరించేవాడు. ఆదివారము ఆరాధనకు వచ్చేసరికి ఎవరి తల చూసినా మెట్టలు మెట్టలుగా ఉండేదట. చెబుతూ ఆయన నవ్వారు. మాకు మాత్రము నవ్వు రాలేదు.

ఇరవై ఏండ్ల వయస్సులో ఆయన తాడేపల్లిగూడెము రైసుమిల్లులో బస్తాలు మోసే పనికి వెళ్ళారు. మొదటి వారము కూలి అందగానే రైలుస్టేషను దగ్గర ఒక సెలూను ముందు నిలబడ్డారు. లోపల అద్దము, చేతులున్న చెక్క కుర్చీ. ఆ వీధిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచారట. మూడవసారి ధైర్యము చేసి లోపలికి వెళ్ళారు.

"కూర్చోగానే ఆయన 'ఏ ఊరు?' అని అడిగాడండి. నా గుండె ఆగిపోయింది. ఊరు చెబితే పేట అడుగుతాడు, పేట చెబితే లెమ్మంటాడు అనుకున్నాను. 'ఏలూరు వైపు' అన్నాను అంతే. ఆయన ఇంకేమీ అడగలేదు. మెడ చుట్టూ గుడ్డ కట్టి, నా నెత్తిమీద చెయ్యి వేశాడు. అమ్మా నాన్నా కాకుండా, మా పేటవాళ్ళు కాకుండా ఒక మనిషి నా తల ముట్టుకోవడము అదే మొదలండి. అద్దములో నా మొఖము నేను చూసుకోలేకపోయాను. కళ్ళు నిండిపోయాయి. సబ్బు పడిందా అని అడిగాడాయన. అవునన్నాను."

మనుమడు తల ఎత్తి తాతను చూశాడు. ఈ సంగతి అతనికి ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

చట్టములో ఒక మాట

ప్రియులారా, ఆ రోజుకు దేశములో చట్టము లేక కాదు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణములో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అంటరానితనపు నేరాల చట్టము, దుకాణము అంటే ఏమిటో చెబుతూ హెయిర్ కటింగ్ సెలూనును కూడ పేరు పెట్టి అందులో చేర్చింది. ఆ చట్టమే 1976లో సవరణ పొంది పౌరహక్కుల రక్షణ చట్టమైంది. 1989లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాలను అరికట్టే చట్టము వచ్చింది. పార్లమెంటు ఒక క్షవరపు కుర్చీ గురించి మాట్లాడవలసి వచ్చిందంటే ఆ కుర్చీ చిన్న సంగతి కాదు. ఒక మనిషి తలను మరొక మనిషి చేయి ముట్టుకోవచ్చునా, కూడదా అనేదే అక్కడి ప్రశ్న.

సముద్రాల అవతల కూడ ఈ కుర్చీ కథ ఉంది. అమెరికాలో 1858లో బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ అట్లాంటా పట్టణములో గొప్ప సెలూను నడిపాడు. పని చేసేవారు నల్లవారు, కుర్చీలలో కూర్చునేవారు తెల్లవారు. ఆ కుర్చీలు తెల్లవారికే. అంటే తన సొంత సెలూనులో తన జాతివానికి కుర్చీ లేదు. ఇక్కడ ముట్టుకోవద్దన్నారు, అక్కడ ముట్టుకొని సేవ చేయాలి కాని పక్కన కూర్చోవద్దన్నారు. రెండు చోట్లా అవమానము ఒక్కటే.

ఇతరుల తప్పు చెప్పి ఊరుకోవడము సులువు. మన పేటలలో మనమేమి చేశాము? ఒక పేటవారు కత్తిరించుకున్న కత్తెరను రెండవ పేటవారికి ఇవ్వని రోజులు లేవా? ఒకే ప్రభువు బల్లకు వచ్చి, ఒకరి ఇంట ఒకరు భోజనము చేయనివారు మనలో లేరా? ఆ తాతయ్యే ఈ మాట కూడ అన్నారు: "మేమూ అందరికీ కత్తెర ఇవ్వలేదండి. అదీ వ్రాయండి." వ్రాస్తున్నాము.

నిలబడినవాని మాట

ఇప్పుడు ఆ తాతయ్య మనుమడు ఏలూరులో మెత్తని కుర్చీలో వెనక్కు వాలి కళ్ళు మూసుకుంటున్నాడు. దీనికి మేము దేవుని స్తుతించాము. అయితే కుర్చీ వెనుక నిలబడినవాడు ఎవరు?

శనివారము మాకు తల మర్దన చేసిన యువకుడు చెప్పినవి ఇక్కడ వ్రాయక తప్పదు. ఉదయము తొమ్మిదికి నిలబడితే రాత్రి తొమ్మిది వరకు నిలబడే ఉంటాడు. సాయంత్రానికి పిక్కలు బిగుసుకుపోతాయి, భుజాలు లాగుతాయి. వాళ్ళ నాన్నగారి కొట్టు మంగళవారము మూసేవారు. ఇక్కడ వారమంతా తెరిచే ఉంటుంది, సెలవు వంతులవారీగా వస్తుంది. మనము క్రిస్మస్ ఆరాధనకు చక్కగా తయారయ్యే ఇరవై నాల్గవ తేదీ రాత్రి అతను ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటుతుంది.

"ఈ కుర్చీలో నేను ఎన్నడూ కూర్చోలేదండి. కూర్చునే తీరిక లేదు" అన్నాడు.

అక్కడ ఒక తాతయ్య ఆ కుర్చీలో కూర్చోవడానికి భయపడ్డారు. ఇక్కడ ఒక యువకునికి తీరిక లేదు.

కొల్లేటి దారిలో రేకుల షెడ్డు క్రింద చెక్క కుర్చీ వేసుకున్న ఒక పెద్ద వయస్సు క్షురకునితోను మాట్లాడాము. 2006లో కొల్లేరులో అయిదవ కాంటూరు వరకు చేపల చెరువులు కొట్టివేసినప్పుడు అనేకులు పనులు వెదుక్కుంటూ వలస పోయారు. "అప్పుడు నాకు గీయడానికి గెడ్డాలే మిగల్లేదండి" అన్నాడాయన. మరల 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌను వచ్చినప్పుడు మొదట మూతపడిన కొట్లలో సెలూనులున్నాయి. మనిషిని ముట్టుకోకుండ చేయగల వృత్తి కాదు గదా! ఆ సంవత్సరము జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వము కొట్లున్న క్షురకులకు, రజకులకు, దర్జీలకు పదివేల రూపాయల సాయము మొదలుపెట్టింది. అది అందిన ఇంటికి కొంత ఊరట కలిగింది. కొట్టు లేక ఇతరుల దగ్గర జీతానికి నిలబడేవారికి అది వర్తించలేదు.

యౌవనులకు కొన్ని జాగ్రత్తలు

ఏలూరు పెద్ద సెలూనైనా, మన ఊరి చెట్టు క్రింది కుర్చీ అయినా ఈ నాలుగు సంగతులు మరువవద్దు.

ఒకటి: గెడ్డానికి కొత్త బ్లేడు మీ కళ్ళ ముందే విప్పమనండి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తములో కూడ కనీసము ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. అడగడానికి మొహమాటపడకండి, మంచి పనివాడు తప్పు పట్టడు. ఆ జబ్బుకు టీకా కూడ ఉన్నది.

రెండు: తువ్వాలు ఉతికినదా అని చూడండి. పుండ్లు, తామర వంటివి తువ్వాలు ద్వారా కూడ ఒకరినుండి ఒకరికి పాకుతాయి.

మూడు: మెడ పట్టుకొని టక్కుమని విరిచే అలవాటును ఒప్పుకోకండి. హాయిగానే ఉంటుంది. కాని మెదడుకు రక్తము తీసుకొనిపోయే నాళాలు మెడలోనే ఉన్నాయి. 2024లో కర్ణాటకలోని బళ్లారికి చెందిన ఒక యువకునికి సెలూనులో మెడ తిప్పిన తరువాత రక్తనాళము చిరిగి పక్షవాతము వచ్చిన సంగతి పత్రికలలో వచ్చింది. వ్రేళ్ళతో నొక్కితే చాలు, విరవనక్కరలేదు.

నాలుగు: తలకు రంగు వేయించుకొనేవారు రెండు రోజుల ముందే చెవి వెనుక కొద్దిగా రాసి చూసుకోండి. కొందరికి దాని మందు పడక ముఖమంతా వాచిపోతుంది.

ఆ తల్లికి మేము చెప్పినది

ఇక ఆమె ప్రశ్నకు జవాబు. తల మర్దన చేయించుకోవడము పాపము కాదమ్మా అని చెప్పాము. ఉపవాసమున్నప్పుడు సహితము తలకు నూనె రాసుకొని ముఖము కడుక్కోమని ప్రభువు చెప్పాడు గదా. పని మీద పని వచ్చి భోజనానికి కూడ తీరిక లేకపోయినప్పుడు ఆయన తన శిష్యులను ఏకాంతముగా వచ్చి కొంచెము విశ్రాంతి తీసుకొనుమని పిలిచాడు. చెరువు గట్ల మీద ఎండలో మేత బస్తాలు లెక్కపెట్టే కుర్రవాడు నెలకొక గంట కళ్ళు మూసుకుంటే అది దొంగతనము కాదు.

అయితే ఎనిమిది వందలు ఏ డబ్బులోనుండి తీస్తున్నాడో చూడాలి. ఇంట్లో అమ్మ మందులు, చెల్లెలి ఫీజు తీరాక మిగిలినదైతే దేవునికి కృతజ్ఞత చెప్పి వెళ్ళవచ్చును. అప్పు చేసి వెళ్ళినది విశ్రాంతి కాదు, మరునాటి భారము.

ఇంకొక మాట అతనితోనే చెప్పాము. విశ్రాంతి దినపు ఆజ్ఞ ఇచ్చినప్పుడు దేవుడు ఇంటి యజమానుని ఒక్కనినే తలచుకోలేదు. దాసుడు, దాసి, ఇంట ఉన్న పరదేశి, చివరకు ఎద్దు, గాడిద కూడ విశ్రమించాలన్నాడు. కాబట్టి మన విశ్రాంతి మరొకని అలసట మీద కూర్చోకూడదు. క్రిస్మస్ ముందు రాత్రి పదింటికి కాక నాలుగు రోజుల ముందే వెళ్ళు. తలుపు మూసే వేళకు వెళ్ళి కూర్చోవద్దు. లెక్కతో పాటు ఆ చేతిలో కొంచెము ఎక్కువ పెట్టు. ఒరే, తురే అనవద్దు. అండీ అని పిలువు. నీ తాత తల మీద తాడేపల్లిగూడెములో ఒక చేయి పడింది. ఆ చేతికి మన ఇంటి బాకీ ఉంది.

తాతయ్య తల ఊపారు. తల్లి ముఖము తేటపడింది. మేము ప్రార్థన చేసి లేవబోతుండగా ఆమె అడిగారు:

"ఇంతకీ అయ్యగారండీ, మీకు తల మర్దన చేసిన అబ్బాయి పేరేంటండీ?"

మేము మాట్లాడలేకపోయాము. అతని ఊరు అడిగాము, తాతగారి గురించి అడిగాము, పని వేళలు అడిగి పుస్తకములో వ్రాసుకున్నాము. పేరు మాత్రము అడగలేదు. గుమ్మము దగ్గరి కుర్రవాని వైపు చూశాము. రెండేళ్ళుగా వెళ్తున్నాడు, అతనికీ తెలియదు.

తరువాతి శనివారము మేమిద్దరము కలిసి ఏలూరు వెళ్ళాము. క్రాపు కోసము కాదు. పేరు అడిగాము. అతను కొంచెము ఆశ్చర్యపడి, సిగ్గుపడి, చెప్పాడు.

ప్రియ పాఠకులారా, ఈ శనివారము మీరు వెళ్ళే కుర్చీ వెనుక నిలబడే వాని పేరు మీకు తెలుసా?